మాటల పోటీ, మోర్స్ చప్పుడు: ఒకే బ్యాండ్‌లో ఇద్దరూ సర్దుకునేదెలా?

2025 మార్చి 30, ఆదివారం రాత్రి. షవ్వాల్ నెలవంక కనిపించిందన్న కబురు రాగానే నంద్యాల, ఆళ్లగడ్డ ఇళ్లలో షీర్ ఖుర్మా సరంజామా, కొత్త బట్టల హడావుడి మొదలైంది. అదే రాత్రి షార్ట్‌వేవ్ రేడియోలో ఇంకో హడావుడి ఆఖరి గంటల్లో ఉంది. ప్రపంచమంతటా వేల మంది హ్యామ్ రేడియో ఆపరేటర్లు పాల్గొనే సీక్యూ డబ్ల్యూపీఎక్స్ మాటల పోటీ శనివారం తెల్లవారుజామున 5.30కి మొదలై, రెండు పగళ్లు, రెండు రాత్రులు నడిచి, ఈద్ రోజు తెల్లవారుజామున 5.30కి ముగిసింది. అలాంటి రెండు రోజుల్లో 7 మెగాహెర్ట్జ్, 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు ఈద్ ముందు రోజు బజారులా ఉంటాయి. కాలు పెట్టే సందు ఉండదు.

ఆ సందడిలో నలిగిపోయేది ఎక్కువగా మోర్స్ కోడ్ వాడేవాళ్లు. మాటల పోటీ చేసేవాళ్లకూ మోర్స్ వాళ్లకూ మధ్య ఈ పేచీ దశాబ్దాల నాటిది. ఇందులో ఎవరి హక్కు ఎంత, చట్టం ఏమంటుంది, మర్యాద ఏమంటుంది, మన జిల్లాలో ఉన్నవాళ్లకు దీనితో పనేమిటి అన్నది వివరంగా చూద్దాం.

హ్యామ్ రేడియో అంటే

సర్కారు పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, వ్యాపారం కోసం కాకుండా నేర్చుకోవడానికీ స్నేహానికీ ఆపదలో సాయానికీ సొంత రేడియో స్టేషన్ నడిపేవాళ్లను హ్యామ్‌లు అంటారు. మన దేశంలో వీళ్లకు లైసెన్సు ఇచ్చేది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా పరీక్షకు కూర్చోవచ్చు. లైసెన్సు రెండు రకాలు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ వాళ్ల కాల్‌సైన్ వీయూ3తో మొదలవుతుంది, జనరల్ గ్రేడ్ వాళ్లది వీయూ2తో. రిస్ట్రిక్టెడ్ వాళ్లు 50 వాట్ల వరకు, జనరల్ వాళ్లు 400 వాట్ల వరకు వాడవచ్చు. జనరల్ గ్రేడ్ కావాలంటే నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ పంపడం, అందుకోవడం రావాలి.

ఇది పెద్దింటి సరదా అని చాలామంది అనుకుంటారు. పెద్దింటివాళ్లు ఉన్న మాట నిజమే. జోర్డాన్ రాజు హుస్సేన్ జేవై1 అనే కాల్‌సైన్‌తో, ఒమన్ సుల్తాన్ ఖాబూస్ ఏ41ఏఏ పేరుతో, రాజీవ్ గాంధీ వీయూ2ఆర్‌జీ పేరుతో గాలిలోకి వచ్చేవారు. కానీ బ్యాండ్ మీద రాజుకూ రైతుకూ తేడా లేదు. రాజైనా ఖాళీ ఉందో లేదో విని, అడిగి, ఆ తర్వాతే మాట్లాడాలి. ఏ ఫ్రీక్వెన్సీ ఎవరి సొత్తూ కాదు. పేచీ అంతా ఇక్కడే పుడుతుంది, పరిష్కారం కూడా ఇందులోనే ఉంది.

స్థలం లెక్క

మాటల సిగ్నల్‌కూ మోర్స్ సిగ్నల్‌కూ పట్టే చోటు ఒకటి కాదు. హ్యామ్‌లు మాట్లాడటానికి వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతికి సుమారు 3 కిలోహెర్ట్జ్ కావాలి. మోర్స్‌కు 150 హెర్ట్జ్ చాలు. పక్కవాడికి తగలకుండా కాస్త ఎడం ఉంచి 500 హెర్ట్జ్ లెక్క వేసుకున్నా, ఒక మాటల స్టేషన్ కూర్చున్న చోట ఆరుగురు మోర్స్ వాళ్లు కూర్చోవచ్చు.

హ్యామ్‌లకు బాగా ఇష్టమైన 40 మీటర్ల బ్యాండ్ మన దగ్గర 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు, అంటే 200 కిలోహెర్ట్జ్. అంచు నుంచి అంచు దాకా కిక్కిరిసి కూర్చున్నా 66 మాటల స్టేషన్లు పడతాయి. పోటీ రోజున గాలిలో ఉండేది వేల మంది. ఇక వాళ్లు ఎక్కడికి పోతారు? ఖాళీగా కనిపించిన చోటికి, అంటే బ్యాండ్ అడుగు భాగానికి జారతారు. అక్కడే మోర్స్ వాళ్లు ఉంటారు. అడుగున 7.000 నుంచి 7.025 వరకు ఉన్న 25 కిలోహెర్ట్జ్‌లో 50 మంది మోర్స్ వాళ్లు హాయిగా పని చేసుకోగలరు. అదే చోట ఎనిమిది మాటల స్టేషన్లు దిగితే నిండిపోతుంది.

కేసీ కెనాల్ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. సుంకేసుల నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప వైపు పోయే ఆ కాలువలో నీళ్లు అందరివీ. కానీ పైనున్నవాడు తూము పూర్తిగా ఎత్తేస్తే చివరి భూములకు తడి అందదు. పైవాడు దొంగతనం చేయలేదు, తన పొలానికే పెట్టుకున్నాడు. అయినా కింది మడి ఎండింది. పెద్ద ఏరియల్, 400 వాట్ల పవరుతో బ్యాండ్ అడుగున మాట్లాడే పోటీదారుడు ఆ తూము ఎత్తిన రైతు లాంటివాడే.

పవర్ తేడా కూడా చూడాలి. మోర్స్ వాళ్లలో 5 వాట్లతో పని చేసేవాళ్లు ఎందరో. 400 వాట్లంటే దానికి 80 రెట్లు, హ్యామ్‌ల కొలతలో 19 డెసిబెల్స్. 5 వాట్ల మోర్స్ దూరం పోవడానికి కారణం, ఆ కొద్దిపాటి బలమంతా సన్నని గీతలో కుదురుకుని ఉండటం. మాటల సిగ్నల్ బలం 3 కిలోహెర్ట్జ్ మేర పరుచుకుంటుంది. కాబట్టి చుట్టూ నిశ్శబ్దం ఉన్నంతసేపు ఆళ్లగడ్డలో మిద్దె మీద 20 మీటర్ల రాగి వైరు కట్టుకున్న 5 వాట్ల మోర్స్ ఆపరేటర్ యూరప్‌తో మాట్లాడగలడు. పక్కన మాటల పోటీ దిగిందా, అతని లోకం అక్కడితో ఆగిపోతుంది.

ఈ ఇరుకు ఎలా వచ్చింది

40 మీటర్ల బ్యాండ్ మీద గొడవ ముదరడానికి ఒక చరిత్ర ఉంది. చాలా ఏళ్లు ఆసియాలో, యూరప్‌లో హ్యామ్‌లకు దక్కింది 7.0 నుంచి 7.1 వరకు, 100 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఆ పైన షార్ట్‌వేవ్ ప్రసార కేంద్రాలు హోరెత్తించేవి. అమెరికాలో మాత్రం హ్యామ్‌లకు 7.3 వరకు ఉండేది, వాళ్లకు మాటలకు అనుమతి పై భాగంలోనే. దాంతో పోటీ రోజుల్లో ఆసియా, యూరప్ వాళ్లంతా ఆ 100 కిలోహెర్ట్జ్‌లోనే పిలవాలి, అమెరికా వాళ్లను పైన ఎక్కడో వినాలి. మోర్స్, మాటలు, అంతా ఒకే గదిలో. మాటలవాళ్లు అడుగు దాకా రావడం అలవాటైంది అప్పుడే.

2003లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు దీనికి దారి చూపింది. 7.1 నుంచి 7.2 వరకు ప్రసార కేంద్రాలు ఖాళీ చేసి హ్యామ్‌లకు వదలాలని తీర్మానించింది. అది 2009 మార్చి 29 నుంచి అమల్లోకి వచ్చింది. చోటు రెట్టింపైంది. అదే సదస్సు 30 మెగాహెర్ట్జ్ లోపు పని చేయాలంటే మోర్స్ తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధనను కూడా తీసేసి, ఆ నిర్ణయం ఆయా దేశాలకు వదిలింది. చాలా దేశాలు మోర్స్ పరీక్ష ఎత్తేశాయి. మాటలవాళ్లు పెరిగారు. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామందికి మోర్స్ చెవికి పట్టదు, కాబట్టి దాన్ని మనిషి మాటగా కాక ఏదో చప్పుడుగా వింటారు. చోటు పెరిగినా ఇబ్బంది పోకపోవడానికి ఇదొక కారణం.

మూడో మనిషి కూడా వచ్చాడు. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 అనే కంప్యూటర్ పద్ధతి 7.074, 14.074 దగ్గర పాతుకుపోయింది. అంటే మోర్స్ వాళ్లకు పైకి జరిగే వీలు కూడా తగ్గింది. అడుగున బ్యాండ్ అంచు, పైన కంప్యూటర్ల కూత.

చట్టం ఎంత, మర్యాద ఎంత

చాలామంది పొరబడేది ఇక్కడే. మన లైసెన్సు బ్యాండ్ హద్దులు చెబుతుంది, పవర్ ఎంతో చెబుతుంది, ఏ పద్ధతులు వాడవచ్చో చెబుతుంది. బ్యాండ్ లోపల ఈ మూల మోర్స్‌కు, ఆ మూల మాటలకు అని అమెరికాలో లాగా చట్టం గీత గీయలేదు. ఆ పంపకం చేసేది అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ బ్యాండ్ ప్లాన్. మనం దాని మూడో రీజియన్‌లో ఉన్నాం. ఆ ప్లాన్ పెద్దమనుషుల ఒప్పందం. దాన్ని దాటితే కేసు పడదు, కానీ పేరు పోతుంది.

ప్రపంచంలో ఏ రీజియన్ ప్లాన్ చూసినా ఒకటి మాత్రం ఉమ్మడిగా కనిపిస్తుంది. 40 మీటర్లలో 7.000 నుంచి 7.025, 20 మీటర్లలో 14.000 నుంచి 14.070 వరకు మోర్స్‌కు వదిలిపెట్టాలి. మాటల పోటీ నిర్వాహకులు కూడా బ్యాండ్ ప్లాన్‌ను పాటించమనే చెబుతారు.

ఒక సాంకేతిక చిక్కు ఉంది, ఇది తెలియక మంచివాళ్లు కూడా తప్పు చేస్తారు. 7 మెగాహెర్ట్జ్‌లో మాటలకు లోయర్ సైడ్‌బ్యాండ్ వాడతారు. అంటే డయల్ మీద కనిపించే అంకెకు కిందివైపు గొంతు పరుచుకుంటుంది. డయల్ 7.027 చూపిస్తుంటే తాను 7.025కు పైనే ఉన్నానని ఆపరేటర్ అనుకుంటాడు. కానీ అతని గొంతు 7.024 దాకా దిగిపోతుంది. కనీసం 7.028 మీద ఉంటేనే హద్దు దాటనట్టు. 14 మెగాహెర్ట్జ్‌లో దీనికి తలకిందులు. అక్కడ అప్పర్ సైడ్‌బ్యాండ్, గొంతు పైవైపు పోతుంది. డయల్ 14.098 మీద పెట్టి మాట్లాడితే సరిగ్గా 14.100 మీద పడుతుంది.

14.100 మీద ఎవరుంటారంటే, మనిషి ఉండడు. ప్రపంచంలో 18 చోట్ల నుంచి వంతులవారీగా, ఒక్కొక్కటి 10 సెకన్లు మోర్స్‌లో పలికే దీపస్తంభాల లాంటి బీకన్లు ఉంటాయి. మూడు నిమిషాలకోసారి ఒక చుట్టు పూర్తవుతుంది. ప్రతి బీకన్ తన కాల్‌సైన్ చెప్పి నాలుగు గీతలు పంపుతుంది. మొదటిది 100 వాట్లతో, తర్వాత 10, 1, చివరిది వాటులో పదో వంతుతో. మనకు దగ్గరలో ఉన్నది కొలంబోది. ఎన్నో గీత దాకా వినిపిస్తే ఆ దేశం వైపు దారి అంత బాగా తెరుచుకుందని లెక్క. ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ మీద ఎవరో పోటీ పిలుపులు పెడితే ప్రపంచమంతా ఆ కొలబద్ద కోల్పోతుంది. మోర్స్ రానివాడికి అది వట్టి కీచు శబ్దం, పక్కకు జరగాలని తోచదు.

వినబడనివాడి సమస్య

నంద్యాలలో ఒకాయన అక్టోబరు చివరి శని, ఆదివారాల్లో జరిగే సీక్యూ వరల్డ్‌వైడ్ మాటల పోటీలో ఉన్నాడనుకుందాం. ప్రతి స్టేషన్‌కూ ఐదు తొమ్మిది, ఇరవై రెండు అని చెబుతుంటాడు. ఐదు తొమ్మిది అంటే నీ సిగ్నల్ బాగుంది అని, 22 అంటే ఇండియా ఉన్న జోన్ నంబరు. పేరు, ఊరు, కుశలం ఏమీ ఉండవు. మోర్స్ పాతకాపులకు ఈ పద్ధతి మీద చిరాకు, ఇదేం సంభాషణ అంటారు. పోటీవాళ్లు ఒప్పుకోరు. తక్కువ సమయంలో ఎక్కువ మందిని సరిగ్గా వినడం ఒక సాధన, ఆపదలో అదే అక్కరకొస్తుంది అంటారు. ఈ మాటలో నిజం ఉంది, అది ముందు చూద్దాం.

మన నంద్యాల ఆపరేటర్ 14 మెగాహెర్ట్జ్‌లో ఒక చోట విన్నాడు, ఏమీ లేదు, పిలవడం మొదలుపెట్టాడు. నిజానికి అక్కడ హైదరాబాద్ ఆపరేటర్ ఒకరు కువైట్ స్టేషన్‌తో మోర్స్‌లో పని చేస్తున్నారు. 14 మెగాహెర్ట్జ్ తరంగాలు పైకి పోయి ఆకాశపు పొరకు తగిలి ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో దిగుతాయి. నంద్యాలకు హైదరాబాద్ వినబడదు, ఇద్దరూ మాత్రం కువైట్‌లో దిగుతారు. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూడలేని రెండు సందుల్లోంచి ఒకే చౌరస్తాకు వచ్చిన బండ్లు. ఇక్కడ ఎవరికీ దురుద్దేశం లేదు. అందుకే ఒక్కసారి విని సరిపెట్టుకోకూడదు. కనీసం అర నిమిషం ఆగి వినాలి, అడగాలి, మళ్లీ ఆగి వినాలి. ఎదుటి కువైట్ స్టేషన్ జవాబిచ్చే వేళకు దాని సిగ్నల్ మనకు వినబడుతుంది.

ఇంకో చిక్కు రేడియోలోనే ఉంది. ఇప్పటి సెట్లలో ఆటోమేటిక్ నాచ్ అనే సౌకర్యం ఉంటుంది. మాటల మధ్య కూత వస్తే దాన్ని తీసేస్తుంది. మోర్స్ చప్పుడు కూడా దానికి కూతే. ఆపరేటర్ ఆ మీట వేసి కూర్చుంటే పక్కనే ఉన్న మోర్స్ స్టేషన్ చాలావరకు అణగిపోతుంది. ఖాళీ అనుకుంటాడు. ఫ్రీక్వెన్సీ వెతుక్కునేటప్పుడైనా ఆ మీట ఆపేయాలి.

అటువైపు మోర్స్ ఆపరేటర్ సన్నని ఫిల్టర్ పెట్టుకుంటాడు. అతనికి మాటల స్టేషన్ మాటలుగా వినిపించదు, గరగరమని పగిలిన శబ్దంగా వస్తుంది. ఎవరో కావాలని చెడగొడుతున్నారని కోపం తెచ్చుకుని, ఆ గొంతు మీదే కీ నొక్కి పట్టుకుంటాడు. అది ఇంకా పెద్ద తప్పు. ఒకరు తెలియక చేసిన దానికి ఇంకొకరు తెలిసి చేస్తున్నారు. రెండోదాన్ని లైసెన్సు నిబంధనలు కూడా క్షమించవు.

అడగడం ఎలా

మాటల్లో అయితే సులువు. మన ఆపరేటర్ల మధ్య అయితే "అన్నా, ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందా?" అంటే సరిపోతుంది, విదేశీ స్టేషన్లకు ఇంగ్లీషులో అడుగుతారు. కాల్‌సైన్ చెప్పి, రెండుసార్లు అడిగి, మధ్యలో ఆగాలి.

మోర్స్‌లో ఇదే ప్రశ్న మూడు అక్షరాలు, క్యూఆర్ఎల్. చెవికి డా డా డి డా, డి డా డి, డి డా డి డి అని వినిపిస్తుంది. దానికి అవును అని జవాబు ఒకే అక్షరం, సీ, అంటే డా డి డా డి. మోర్స్ అసలు రాని మాటల ఆపరేటర్ కూడా ఈ రెండు చప్పుళ్లు గుర్తుపట్టగలిగితే సగం పేచీలు తగ్గుతాయి. ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి. మాట్లాడుతుండగా మధ్యలో డా డి డా డి అని తగిలితే, ఎవరో ముందే ఉన్నారని, మూడు నాలుగు కిలోహెర్ట్జ్ పక్కకు జరగాలని అర్థం.

మైక్ గెయిన్ సంగతి వేరే చెప్పాలి. పోటీ ఊపులో గొంతు గట్టిగా పోవాలని గెయిన్ పూర్తిగా తిప్పేస్తారు. గొంతు గట్టిపడదు, పగులుతుంది. 3 కిలోహెర్ట్జ్‌లో ఉండాల్సింది రెట్టింపు మేర చిమ్ముతుంది. పెళ్లి మండపంలో లౌడ్‌స్పీకర్ శబ్దం పెంచితే ఏమవుతుందో అందరికీ అనుభవమే. మోర్స్ వాళ్లూ దీనికి అతీతులు కారు. సరిగా కట్టని సెట్‌లో కీ నొక్కినప్పుడల్లా టిక్కు టిక్కుమని చుట్టుపక్కల మొత్తం కొడుతుంది.

ఎవరు ఎంత వదులుకోవాలి

మోర్స్ వాళ్లే ఎప్పుడూ బాధితులు అనుకుంటే పొరపాటు. నవంబరు చివరి పూర్తి వారాంతంలో సీక్యూ వరల్డ్‌వైడ్ మోర్స్ పోటీ జరుగుతుంది. మే చివర్లో డబ్ల్యూపీఎక్స్ మోర్స్ పోటీ. ఆ రోజుల్లో మోర్స్ సిగ్నళ్లు 7.025 దగ్గర ఆగవు. ఎంతో పైకి పాకి, రోజూ ఉదయం పూట మాట్లాడుకునే మామూలు ఆపరేటర్ల చోటు ఆక్రమిస్తాయి. మాటలవాళ్లు అప్పుడు గొణుగుతారు. ఏడాదిలో ఇలాంటి పెద్ద పోటీలు కొన్ని వారాంతాలే. మిగతా రోజుల్లో బ్యాండ్ చాలావరకు ఖాళీగానే ఉంటుంది. ఆ మాత్రం ఒకరినొకరు ఓర్చుకోవడం న్యాయమే.

పోటీ అసలు రాని చోట్లు కూడా ఉన్నాయి. 10, 18, 24 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో పోటీలు పెట్టకూడదని హ్యామ్ లోకం ఎప్పుడో ఒప్పుకుంది, ఇప్పటికీ ఆ మాట నిలిచింది. 10.1 నుంచి 10.15 వరకు ఉన్న చిన్న బ్యాండ్‌లో మాటలు కూడా ఉండవు. మాటల పోటీ రోజున మోర్స్ వాళ్లు లైసెన్సు అనుమతించినంతలో అక్కడికి జరిగితే ప్రశాంతంగా పని చేసుకోవచ్చు. చిక్కల్లా, చవక సెట్లు చాలావరకు ఒకే బ్యాండ్‌కు కట్టినవి. ఒక్క 7 మెగాహెర్ట్జ్ సెట్ ఉన్నవాడిని 10కి పొమ్మనడం సైకిల్ ఉన్నవాడిని హైవే మీద పొమ్మన్నట్టే.

చవక సెట్ల మాట వచ్చింది కనుక అష్హర్ ఫర్హాన్ పేరు చెప్పాలి. హైదరాబాద్ వాసి, వీయూ2ఈఎస్ఈ. బంజారాహిల్స్‌లోని లామకాన్ వ్యవస్థాపకుల్లో ఒకరిగా చాలామందికి తెలుసు. హ్యామ్ లోకానికి మాత్రం ఆయన బిట్‌ఎక్స్ మనిషి. మామూలు బజారులో దొరికే సామానుతో ఎవరైనా కట్టుకోగలిగే మాటల సెట్‌ను 2003 ప్రాంతంలో రూపొందించి, దాని నక్షా అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. తర్వాత 7 మెగాహెర్ట్జ్‌కు బిట్‌ఎక్స్40 వచ్చింది, ఏడు వాట్ల చిన్న బోర్డు. హైదరాబాద్‌లో ఆడవాళ్లు చేత్తో కాయిల్స్ చుట్టి తయారు చేసిన ఆ బోర్డులు దేశదేశాలకు వెళ్లాయి. ఆపై మైక్రోబిట్‌ఎక్స్‌లో మోర్స్, మాటలు రెండూ, ఎక్కువ బ్యాండ్లతో వచ్చాయి.

దీని ప్రభావం ఈ పేచీ మీద కూడా పడింది. అంతకుముందు చేత్తో కట్టుకునే చవక సెట్ అంటే మోర్స్ సెట్టే, మాటలంటే జపాన్ సెట్టు కొనగలిగినవాళ్ల వ్యవహారం. బిట్‌ఎక్స్ ఆ గీత చెరిపేసింది. ఇప్పుడు పోటీ తాకిడికి నలిగేవాళ్లలో ఏడు వాట్ల మాటల ఆపరేటర్లు కూడా ఉన్నారు. అంటే ఇది మాటలకూ మోర్స్‌కూ మధ్య గొడవగా కనిపించినా, చాలాసార్లు పెద్ద పవరుకూ చిన్న పవరుకూ మధ్య గొడవే.

ఆపద వేళ

పోటీవాళ్ల సాధన అక్కరకొస్తుందన్న మాటకు మన తెలుగువాళ్ల నుంచే పెద్ద ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌లో 1983లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్, వీయూ2ఆర్‌బీఐ, నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లింది. అక్కడి నుంచి హ్యామ్ స్టేషన్ పలకడం చాలా ఏళ్ల తర్వాత అదే మొదలు. వీయూ4ఆర్‌బీఐ అని వినబడగానే ప్రపంచం నలుమూలల నుంచి వేల మంది ఒకేసారి మీద పడ్డారు. అలాంటప్పుడు స్టేషన్ ఒక ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడి, వేరే మేరలో వింటుంది. పిలిచేవాళ్లు ఆ మేరలో చెదిరి నిలబడాలి. ఈద్గాలో సఫ్‌లు కట్టినట్టు, ఆ క్రమం ఉంటేనే పని జరుగుతుంది.

డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. సరదా స్టేషన్ ఆ క్షణం నుంచి ఆపద స్టేషన్ అయింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి, తర్వాత కార్ నికోబార్ నుంచి హ్యామ్‌లు బయటి లోకానికి కబుర్లు చేరవేశారు. ఫలానావాళ్లు క్షేమం అన్న ఒక్క ముక్క కోసం దేశమంతటా కుటుంబాలు ఎదురు చూశాయి. ముందు రోజు దాకా ఆ స్టేషన్ కోసం తోసుకున్న వేల మంది ఆ ఫ్రీక్వెన్సీకి దూరం జరగాల్సి వచ్చింది. ఆ వేళ పిలవకుండా ఉండటమే సాయం.

నంద్యాల, ఆళ్లగడ్డలకు ఇది దూరపు కథ కాదు. తూర్పున నల్లమల. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ఆ అడవిలో కూలితే జాడ తెలియడానికి మర్నాడు ఉదయం దాకా పట్టింది. నెల తిరిగేలోపు, అక్టోబరు మొదట్లో, వరద కర్నూలును ముంచింది. 2019 సెప్టెంబరులో కుందూ పొంగి నంద్యాల చుట్టుపక్కల పల్లెలు చిక్కుకున్నాయి, మహానంది ఆలయంలోకి నీళ్లొచ్చాయి. టవర్‌కు కరెంటు పోయి, జనరేటర్‌లో డీజిల్ అయిపోతే చేతిలో ఎంత మంచి ఫోన్ ఉన్నా ఒకటే. కారు బ్యాటరీ, వైరు ముక్క, చిన్న సెట్ ఉన్న ఆపరేటర్ అప్పుడు పనికొస్తాడు. బ్యాటరీ తక్కువ, సిగ్నల్ బలహీనం అయినప్పుడు మాట అందని చోట మోర్స్ అందుతుంది.

ఆసియా పసిఫిక్ ప్రాంతంలో ఆపద కబుర్లకు యూనియన్ గుర్తించిన ఫ్రీక్వెన్సీల్లో 7.110, 14.300 ఉన్నాయి. పెద్ద పోటీ నడుస్తున్న రోజే వరద రావచ్చు, అక్టోబరు నెల మనకు తుపానుల నెల కూడా. ఎక్కడైనా విపత్తు నడుస్తోందని తెలిస్తే ఆ రెండు చోట్లకు అటూ ఇటూ ఐదు కిలోహెర్ట్జ్ వదిలేయడం మాటల పోటీవాళ్ల బాధ్యత. ఒక్క బలహీనమైన గొంతు సాయం అడిగితే పోటీ నంబర్లన్నీ పక్కన పెట్టి బ్యాండ్ మొత్తం మూగబోయిన సందర్భాలు హ్యామ్ లోకానికి కొత్త కాదు.

నేర్చుకోవాలనుకునే పిల్లలకు

ఇళ్లలో పెద్దవాళ్లకు మోర్స్ అంటే తంతి ఆఫీసు గుర్తొస్తుంది. టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఏడుపు మొదలయ్యే రోజులు. ఆ టెలిగ్రాం సేవను 2013 జూలైలో సర్కారు ఆపేసింది. ఇప్పుడు మోర్స్ బతికి ఉన్నది ఎక్కువగా హ్యామ్‌ల దగ్గరే.

పరీక్షకు దరఖాస్తు టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో చేసుకోవాలి. మొదట రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ రాసి, ఆ తర్వాత మోర్స్ నేర్చుకుని జనరల్‌కు వెళ్లేవాళ్లు ఎక్కువ. నిమిషానికి 8 మాటలంటే రోజూ పావుగంట సాధన చేసే పిల్లలకు కొన్ని నెలల పని. చుక్కలు, గీతలు కాగితం మీద బట్టీ పట్టకుండా మొదటి నుంచీ చెవితోనే నేర్చుకోవాలి, పాట నేర్చుకున్నట్టు. కాగితం దారిలో వెళ్లినవాళ్లు వేగం పెంచాల్సిన చోట ఆగిపోతారు.

లైసెన్సుకు ముందే ఈ వ్యవహారం కళ్లారా చూడాలంటే నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వాళ్ల వెబ్‌ఎస్‌డీఆర్ ఉంది. ఫోన్‌లోనే తెరిచి బ్యాండ్ మొత్తాన్ని పారే రంగుల జలపాతంలా చూడవచ్చు. అందులో మాటల సిగ్నళ్లు వెడల్పాటి పట్టీల్లా, మోర్స్ సన్నని దారాల్లా కనిపిస్తాయి. అక్టోబరు చివరి పూర్తి వారాంతంలో 7.000 నుంచి 7.200 దాకా ఒకసారి, నవంబరు చివరి పూర్తి వారాంతంలో ఇంకోసారి చూస్తే పట్టీలు ఎక్కడి దాకా దిగాయో, దారాలు ఎక్కడి దాకా ఎక్కాయో లెక్కపెట్టుకోవచ్చు.